కారు మీది చారలు: రంగా, స్టిక్కరా?

సంధులు, సమాసాలు చెప్పుకొని బ్రతికే మమ్మల్ని మోటారు కార్లను గూర్చి సలహా అడిగేవారు సాధారణంగా ఉండరు. అయినా కిందటి ఏడు డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థి ఒకడు తరగతి ముగియగానే మా బల్ల దగ్గరకు వచ్చి తన చేతిఫోనులో ఒక కారు బొమ్మ చూపించాడు. నీలిరంగు కారు. దాని ముక్కు మొదలుకొని బానెట్టు మీదుగా, పైకప్పు మీదుగా, వెనుక డిక్కీ దాకా రెండు వెడల్పాటి తెల్లని చారలు జంటగా సాగిపోయాయి. అది 2020 సంవత్సరపు మోడలుగా ఫోర్డు కంపెనీ అమెరికాలో అమ్మిన షెల్బీ జీటీ 500 అనే మస్టాంగు కారు అని, దాని ఇంజనుకు 760 గుర్రాల శక్తి ఉన్నదని అతడే చెప్పాడు. ఆ తరువాత అసలు ప్రశ్న వేశాడు.

"సార్, ఈ రెండు చారలకు కంపెనీవాళ్లు రెండు ధరలు పెట్టారు. స్టిక్కరు అంటిస్తే వెయ్యి డాలర్లు, రంగు వేస్తే పదివేల డాలర్లు. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే కదా సార్! తొమ్మిదివేలు ఊరికే పోసేవాడు ఉంటాడా?"

"ఉంటాడు" అన్నాము. ఎందుకు ఉంటాడో మాత్రం ఆనాడు చెప్పలేకపోయాము. మాకు ఆ విషయం తెలియకపోవడం ఒక కారణం. ఆ ప్రశ్న సూటిగా మా కళాశాల బస్సు వైపు వేలు చూపుతున్నట్లు తోచడం రెండవ కారణం. బస్సు సంగతి కార్యవర్గ సభ్యులకు తెలియనిది కాదు. దాని దగ్గరకు తరువాత వస్తాము. ఆ విద్యార్థికి బాకీపడిన సమాధానాన్ని ఈ వ్యాసరూపంలో తీర్చుకొనడానికి ప్రయత్నిస్తున్నాము.

నేడు కేవలం సింగారంగా కనిపించే ఈ చారలు సింగారం కోసం పుట్టినవి కావు. 1900లో అమెరికా పత్రికాధిపతి జేమ్స్ గోర్డన్ బెన్నెట్ పేరిట ఐరోపాలో దేశాల మధ్య కారు పందేలు మొదలయ్యాయి. ఏ కారు ఏ దేశానిదో దూరాన నిలబడి చూసేవారికి తెలియాలి కనుక ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క రంగు ఏర్పడినది. ఫ్రాన్సుకు నీలం, బెల్జియానికి పసుపు, జర్మనీకి తెలుపు. కాలక్రమంలో ఇంగ్లండుకు ఆకుపచ్చ, ఇటలీకి ఎరుపు స్థిరపడ్డాయి. ఫెరారీ అనగానే ఎర్రని కారు మన కళ్ల ముందు మెదలడానికి మూలం ఇదే. కొంత తడబాటు తరువాత అమెరికా వాటాకు తెలుపు, నీలం దక్కాయి.

జర్మనీవారి తెలుపు వెండిరంగుగా మారడం గూర్చి ఒక ముచ్చటైన కథ ప్రచారంలో ఉన్నది. 1934లో నూర్బుర్గ్‌రింగ్ పందేనికి ముందు మెర్సిడెస్ కారును తూచగా నియమిత బరువైన 750 కిలోల కంటె ఒక్క కిలో ఎక్కువ తూగినదట. రాత్రికి రాత్రి తెల్లరంగునంతా గీకివేయగా లోపలి అల్యూమినియం తళతళలాడుతూ బయటపడినదట. ఈ కథను చరిత్రకారులు అంతగా నమ్మరు. మాకు మాత్రం ఒక విషయంలో ఇది నచ్చినది: రంగు అనేది కంటికి కనిపించే గుణం మాత్రమే కాదు, ఒక పదార్థం, దానికి మందం ఉన్నది, బరువు ఉన్నది. ఈ వ్యాసం నడిచేదంతా ఆ మాట మీదనే.

చారల దగ్గరకు వద్దాము. బ్రిగ్స్ కన్నింగ్‌హాం అనే సంపన్నుడైన అమెరికా క్రీడాభిమాని 1950లో ఫ్రాన్సులోని లె మాన్ పట్టణంలో జరిగే ఇరవైనాలుగు గంటల పందేనికి రెండు కాడిలాక్ కార్లను తీసుకొని పోయాడు. అవి 10వ, 11వ స్థానాలలో నిలిచాయి. మరుసటి సంవత్సరం తాను స్వయంగా కట్టించిన కార్లతో వచ్చాడు. అవి తెల్లనివి, ఒళ్లు పొడవునా నడుమ రెండు నీలి చారలు. ఆ రెండు చారలకు ఒక వివరణ చెబుతారు. పూర్వపు రేసు కార్లలో అడుగున ఉండే ఇనుప చట్రం బయటకు కనిపించేది. అమెరికా కార్లకు ఒళ్లు తెలుపు, చట్రం నీలం. కొత్త కార్లలో రేకు కిందికి దిగి చట్రాన్ని కప్పివేయడంతో, లోపల దాగిన రెండు దూలాలకు గుర్తుగా పైన రెండు నీలి గీతలు వేశారని అంటారు. కన్నింగ్‌హాం కార్లు 1953లో మూడవ స్థానం, 1954లో మూడవ, ఐదవ స్థానాలు పొందాయి. మొదటి స్థానం ఆయనకు చిక్కనే లేదు. చారలు మాత్రం లోకానికి చిక్కాయి.

వాటిని వీధిలోకి తెచ్చినవాడు కారల్ షెల్బీ. టెక్సస్ రాష్ట్రం వాడు. 1959లో ఇంగ్లీషువారి ఆస్టన్ మార్టిన్ నడిపి లె మాన్ గెలిచిన జంటలో ఒకడు. 1964లో అతడు తయారు చేయించిన డేటోనా కూపే అదే పందెంలో జీటీ తరగతికి మొదటిదై వచ్చినది. 1965లో జీటీ 350 అనే పేరుతో మస్టాంగు కారును మార్చి మామూలు కొనుగోలుదారులకు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ సంవత్సరపు జీటీ 350లన్నీ తెల్లనివే. పైన నీలి చారలు కోరినవారికి మాత్రమే వేసేవారు. చాలా కార్లకు ఆ పని అమ్మకందారుల దుకాణాలలోనే జరిగినది. 1966లో లె మాన్ మొదటి మూడు స్థానాలనూ ఫోర్డు జీటీ 40 కార్లు గెలుచుకొన్నప్పుడు, అన్నిటికంటె ముందు నిలిచిన కారు నల్లనిది. దాని మీద వెండిరంగు చారలు. ఆ తరువాత రేసు మైదానం ముఖం చూడనివాడు కూడ తన కారుకు రెండు చారలు ఉంటే బాగుండునని కోరుకొనసాగాడు.

కోరేవారు పెరిగినప్పుడు చవకైన మార్గం ఒకటి వెతకవలసి వచ్చినది. ప్లాస్టిక్ పట్టీ అలా ప్రవేశించినది. 1970 నాటి మస్టాంగు బాస్ 302 కారుకు, దీపం వెలుతురు పడితే మెరిసే పట్టీలను కర్మాగారంలోనే అంటించారు. 1973 నుంచి పాంటియాక్ వారి ట్రాన్స్ ఆమ్ బానెట్టు మీద రెక్కలు విప్పిన పెద్ద పక్షి కనిపించసాగినది. అది స్టిక్కరే. అన్ని ఈకలున్న పక్షిని ఒక్కొక్క కారు మీద ఒక్కొక్క చిత్రకారుడు కూర్చొని గీయడం అయ్యే పని కాదు. స్టిక్కరును తక్కువ చేసి మాట్లాడేవారు ఈ పక్షిని ఒకసారి తలచుకొనడం మంచిది.

మన ఊళ్లలో ఈ పనికి 'రేడియం' అని పేరు. ఆటో వెనుక పేరు రాయించాలన్నా, మోటారుసైకిలు ట్యాంకు మీద మంట బొమ్మ వేయించాలన్నా రేడియం కటింగ్ దుకాణానికే పోతాము. క్యూరీ దంపతులు 1898లో కనుగొన్న రేడియానికి, దీనికి ఏమీ సంబంధం లేదు. రాత్రిపూట తళుక్కుమనే పట్టీని చూసి జనం ఆ పేరు పెట్టి ఉంటారు. అసలు పదార్థం వినైల్. అంటే మన ఇళ్లలోని నీళ్ల గొట్టాలు దేనితో చేస్తారో అదే పీవీసీ. గొట్టం గట్టిగా ఉంటుంది, స్టిక్కరు మెత్తగా వంగుతుంది. కారణం, అందులో కలిపే నూనెవంటి మెత్తబరచే ద్రవ్యం. స్టిక్కరు ఆయుష్షుకు ఆ ద్రవ్యమే కీలకం.

వినైల్ పొరను రెండు విధాలుగా తయారు చేస్తారు. ఒకటి చపాతీ పద్ధతి: వేడి ముద్దను ఉరుళ్ల మధ్య వత్తి సాగదీసి పలుచన చేయడం. రెండవది దోసె పద్ధతి: ద్రవరూపంలో పలుచగా పోసి, కాల్చి ఆరబెట్టడం. చపాతీ పిండిని ఎంత వత్తినా కర్ర తీయగానే కొంత వెనుకకు లాగుకొనడం మన ఇళ్లలో చూసేదే. వత్తి చేసిన వినైల్ స్వభావమూ అంతే. అంటించిన తరువాత కూడ తన పూర్వపు కొలతకు పోవాలని అంచులలో లాగుతూనే ఉంటుంది. మందం 75 నుంచి 100 మైక్రాన్ల దాకా ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. పోసి చేసినది దాదాపు 50 మైక్రాన్లే; దానికి అలాంటి పట్టుదల లేదు, వంపులకు ఒదుగుతుంది, ధర ఎక్కువ. దుకాణదారు 'మంచి మాలు' అన్నప్పుడు ఈ రెండింటిలో ఏది అని అడగడం తెలిస్తే సగం మోసం తప్పుతుంది.

అంటించే పని చూడటానికి సులభంగా ఉంటుంది. కారు ఒంటిని జిడ్డు లేకుండ తుడిచి, సబ్బు నీళ్లు చల్లి, వెనుక కాగితం ఒలిచి, పట్టీని పరచి, మెత్తని ప్లాస్టిక్ పలకతో నడిమి నుంచి అంచులకు నీటిని, గాలిని నెట్టివేయాలి. వంపుల దగ్గర వేడిగాలి కొట్టి సాగదీయాలి. నేర్పరికి ఒక పూట పని. ఇష్టం లేకపోతే తిరిగి ఒలిచివేయవచ్చును. రాయి తగిలి చిరిగితే ఆ ముక్క మాత్రం మార్చుకొనవచ్చును. ఇవి చిన్న సదుపాయాలు కావు.

చిక్కు అంతా ఎండతోనే. రేసు చారలు కారులో ఎక్కడ ఉంటాయో గమనించండి. తలుపుల మీద కాదు. బానెట్టు, పైకప్పు, డిక్కీల మీద. నడినెత్తి సూర్యుడు నిటారుగా దిగేది ఆ మూడు చోట్లకే. వాటిలో బానెట్టుకు కింది నుంచి ఇంజను వేడి అదనం. ఎండకు, వేడికి మెత్తబరచే ద్రవ్యం క్రమంగా వినైల్‌ను విడిచిపోతుంది. అది పోయినకొద్దీ పొర పెళుసెక్కుతుంది, కుంచించుకొంటుంది, నెర్రెలు విడుస్తుంది. వినైల్ తయారుచేసేవారు సైతం నిలువు తలాలకు ఇచ్చే హామీకాలం కంటె అడ్డు తలాలకు తక్కువే ఇస్తారు. ఇక అంచున మిల్లీమీటరులో పదవ వంతు కూడ లేని ఆ చిన్న మెట్టు మైనాన్ని, దుమ్మును పట్టి ఉంచుతుంది. తెల్లచారకు నల్లని కాటుక రేఖ ఏర్పడేది అక్కడే.

ఇంతకంటె పెద్ద చిక్కు ఒలిచిననాడు తెలుస్తుంది. స్టిక్కరు తన కింది రంగును ఎండ నుంచి కాపాడుతుంది. చుట్టూ ఉన్న రంగు మాత్రం ఏటేటా వెలిసిపోతూ ఉంటుంది. నాలుగైదేళ్ల తరువాత పట్టీ తీసివేస్తే, పట్టీ లేకపోయినా పట్టీ ఆకారం నిలిచి ఉంటుంది. తీసివేయవచ్చునన్న ధైర్యంతో అంటించినది పోతూ పోతూ తన నీడను విడిచిపోతుంది.

ఇప్పుడు రంగు పని చూద్దాము. కారు ఒంటి మీద మనకు కనిపించే రంగు ఒక్క పొర కాదు. రేకును విద్యుత్తు నడిచే రంగుతొట్టిలో ముంచి ఎక్కించే తుప్పు నిరోధపు పొర అడుగున ఉంటుంది. అది 20 మైక్రాన్ల ప్రాంతం. దానిపై ప్రైమరు. దానిపై అసలు రంగు. అది చాలా పలుచన, 15 నుంచి 20 మైక్రాన్లు. అన్నిటికంటె పైన గాజువంటి పారదర్శకమైన క్లియర్ కోటు, 40 నుంచి 50 మైక్రాన్లు. అన్నీ కలిసినా సుమారు మనిషి వెంట్రుక ఒకటి రెండింటి మందం. రంగుచార చేరవలసిన చోటు అసలు రంగుకు పైన, క్లియర్ కోటుకు కింద. అలా వేసిన చార మీద గోరు పెట్టి అడ్డంగా గీసినా ఎక్కడ మొదలైనదో వేలికి తెలియదు. కంటికి మాత్రమే తెలుస్తుంది.

వ్యాకరణం చదివినవారికి ఇక్కడ ఒక మాట గుర్తుకు రాక తప్పదు. ఆగమం మిత్రుని వలె వచ్చి పక్కన కూర్చుంటుందని, ఆదేశం శత్రువు వలె వచ్చి ఉన్న అక్షరాన్ని లేపి తాను కూర్చుంటుందని తరగతిలో చెబుతూ ఉంటాము. స్టిక్కరు ఆగమం. రంగుచార పూర్తిగా ఆదేశం కాకపోయినా, ఉన్నదానిని గీకనిదే తాను నిలవదు. మిత్రుణ్ణి సాగనంపవచ్చును. రెండవవాణ్ణి పిలిచేముందు ఆలోచించుకొనాలి.

తయారై ఉన్న కారుకు చారలు వేయించే పద్ధతి ఇది. ముందు పాత క్లియర్ కోటును సన్నని గరుకు కాగితంతో తడిపి రుద్ది మెరుపు చంపాలి. మెరుపు మీద రంగు పట్టదు. తరువాత కారు నడిమి రేఖ కనిపెట్టాలి. వినడానికి ఇది పిల్లల లెక్క. చేసేవారికి ఇదే గడ్డుపని. బానెట్టు ఒక రేకు, పైకప్పు ఒక రేకు, డిక్కీ మూత ఒక రేకు, బంపర్లు ప్లాస్టిక్. వీటి మధ్య సందులు ఉంటాయి. ఆ సందులు రెండు పక్కలా సరిసమానంగా ఉండకపోవచ్చును. కంపెనీ ముద్ర నడిమిలోనే ఉన్నదనుకొంటే ఒక్కొక్కప్పుడు అది కూడ మోసం చేస్తుంది. పైగా ఉబ్బెత్తు తలం మీద కొలబద్దతో సమానంగా కొలిచిన రెండు గీతలు కంటికి సమానంగా కనిపించవు. కొలత ఒకటి చెబుతుంది, కన్ను మరొకటి చెబుతుంది. మంచి పనివాడు పది అడుగులు వెనుకకు నడిచి, మోకాళ్ల మీద కూర్చొని చూసి, కన్ను చెప్పినట్లు సవరిస్తాడు.

గీత కుదిరిన తరువాత అంచుల వెంట సన్నని టేపు అంటించి, మిగిలిన కారునంతా కాగితంతో కప్పుతారు. రంగుచార అంచు కత్తితో కోసినట్లు రావాలంటే కాగితపు టేపు పనికిరాదు, ప్లాస్టిక్ టేపే కావాలి. ఆ టేపు చాలా మట్టుకు వినైలే. రంగుచారను తీర్చి ఇచ్చేది కూడ ఆ స్టిక్కరు చుట్టమేనన్నమాట! రంగును ఒక్కసారే దట్టంగా కొడితే టేపు పక్కన కట్టవలె పేరుకొంటుంది. కనుక పలుచగా రెండు మూడు మార్లు కొట్టాలి. పూర్తిగా ఎండకముందే టేపును వెనుకకు మడిచి మెల్లగా లాగాలి. ఆలస్యమైతే అంచు పెచ్చులూడుతుంది. ఆపైన కారు పలకలన్నిటికీ తిరిగి క్లియర్ కోటు. అది గట్టిపడిన తరువాత మరింత నునుపైన కాగితంతో నీళ్లు పోసి రుద్ది, పాలిషు పట్టాలి. బానెట్టు తెరిచినప్పుడు లోపలి మడతలో చార తెగిపోయినట్లు కనిపించకూడదు. అక్కడికి కూడ రంగు పోవాలి.

మా విద్యార్థి అడిగిన తొమ్మిదివేల డాలర్లు ఎక్కడకు పోతాయో ఇప్పుడు ఊహించవచ్చును. రంగు డబ్బా ఖరీదు అందులో ఏ మూలకూ రాదు. కార్ల కర్మాగారంలో రంగుపని వరుస ఒక కారుకు ఒక రంగు అన్న లెక్కతో నడుస్తుంది. చార కోరిన కారు ఆ వరుసకు అడ్డం. దానిని వేరుచేసి, మనుషుల చేతులతో కొలిచి, కప్పి, తిరిగి రంగు కొట్టి, తిరిగి కాల్చాలి. ఖరీదంతా చేతులకు, గంటలకు. కొనేవాడు ఇచ్చేది కూడ వాటికే.

రంగు పక్షాన ఇంత చెప్పాము కనుక దానికి ఎదురుగా ఉన్నది కూడ దాచకూడదు. కంకరరాయి తగిలి చార లేచిపోతే ఆ ముక్క ఒక్కటే అతకడం సాధ్యం కాదు; సాధారణంగా ఆ పలకంతా తిరిగి చేయాలి. గుద్దుకొని బానెట్టు మార్చవలసి వస్తే కొత్త బానెట్టు మీది చార పైకప్పు మీది చారకు గీత తప్పకుండ, ఛాయ తప్పకుండ కలవాలి. అన్ని షెడ్డులలో అది జరిగే పని కాదు. రెండేళ్లలో కారు మార్చేవారికి, అద్దె ఒప్పందం మీద నడిపేవారికి, ప్రతి ఆదివారం రేసు మైదానంలో రాళ్లదెబ్బలు తినిపించేవారికి స్టిక్కరే తగినది. కారు తన దగ్గరే ముసలిదవుతుందని నిశ్చయించుకొన్నవాడికి రంగు. ఎంత డబ్బు ఉన్నదన్నది రెండవ ప్రశ్న. ఎంతకాలం ఉంచుకొంటావన్నది మొదటి ప్రశ్న.

మరొక విషయం. దీనిని కొనేవారు ఆలోచించరు, పనిచేసేవారు చెప్పుకొనరు. నేటి క్లియర్ కోటు రెండు డబ్బాల మందు; వాడేముందు రంగుకు గట్టిపరచే ద్రవం కలుపుతారు. ఆ ద్రవంలో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. వాటి తుంపర పీల్చినవారికి ఉబ్బసం పట్టుకొనే ప్రమాదం ఉన్నది. ఒకసారి ఒంటికి పడకుండ పోయిన తరువాత కొద్దిపాటి తుంపర కూడ ఊపిరి ఆడకుండ చేయగలదు. బయటి నుంచి గొట్టం ద్వారా శుభ్రమైన గాలి అందే ముసుగు వేసుకొని ఈ పని చేయాలి. మన షెడ్డులలో ముఖానికి చేతిరుమాలు కట్టుకొని స్ప్రే గన్ను పట్టే కుర్రవాళ్లను చూస్తూనే ఉన్నాము. రుమాలు దుమ్మును ఆపుతుందేమో గాని దీనిని ఆపదు. కారుకు రంగుచార వేయించదలచినవారు చార నాణ్యాన్ని అడిగేముందు గన్ను పట్టేవాడి ముసుగును చూడాలని మా మనవి. ఆ ముసుగు లేని షెడ్డు ఎంత చవకగా చేస్తానన్నా మేము ఒప్పుకొనము.

ఇక మా బస్సు. మూడేళ్ల కిందట దానికి తెల్లరంగు వేయించిన తరువాత, రెండు పక్కలా ఆకుపచ్చ పట్టీలు, వాటి మీద తెలుగులోనూ ఉర్దూలోనూ కళాశాల పేరు ఉండాలని కార్యవర్గం తీర్మానించినది. పాతబస్సులకు పేర్లు రాసిన వృద్ధ పెయింటరు ఒక ధర చెప్పాడు. రేడియం దుకాణంవారు అందులో మూడవ వంతు చెప్పారు. ఉపాధ్యాయుల పక్షాన ఆ సమావేశంలో కూర్చున్న మేము స్టిక్కరుకే చేయి ఎత్తాము. ఈ వ్యాసంలో ఎవరినైనా తప్పుపడితే ఆ చేతిని కూడ లెక్కలోకి తీసుకొనాలి.

మొదటి సంవత్సరం బస్సు పెళ్లికొడుకు వలె ఉన్నది. రెండవ వేసవిలో అంచులు లేచాయి. లేచిన అంచును గోటితో గిల్లకుండ ఉండటం కిటికీ పక్కన కూర్చున్న విద్యార్థికి సాధ్యం కాదు. మేము వారి వయసులో ఉంటే మేమూ గిల్లి ఉండేవారము. మూడవ వేసవికి పడమటి ఎండ తగిలే పక్కన పట్టీ అంతా ఎండిన చెరువు మట్టి వలె నెర్రెలు విడిచినది. అన్నిటికంటె ముందు రాలిపోయినవి ఉర్దూ అక్షరాల నుక్తాలు. ఆలోచిస్తే కారణం తెలుస్తుంది. స్టిక్కరులో ప్రతి చుక్క విడి ముక్క. ముక్క ఎంత చిన్నదైతే జిగురు పట్టు అంత తక్కువ, అంచు అంత ఎక్కువ. ఉర్దూలో చుక్క పోతే అక్షరమే వేరవుతుంది. జీమ్ చుక్క రాలగానే కాలిజ్ అన్న మాట కాలిహ్ అయి కూర్చున్నది. మా ఉర్దూ శాఖ మిత్రులు కొంతకాలం ఆ పక్క నుంచి బస్సు ఎక్కడం మానివేశారు. తెలుగు పేరులోని వత్తులకు కూడ త్వరలోనే అదే గతి పట్టినది.

ఈ సంవత్సరం మిగిలిన పట్టీలను వేడిగాలి కొట్టించి ఒలిపించాము. చుట్టూ తెల్లరంగు పసుపుబారి ఉన్నది. పట్టీ కింద మాత్రం కొత్త తెలుపు. ఎక్కడా అక్షరం లేకపోయినా కళాశాల పేరు రెండు భాషలలోనూ, నుక్తాలు తప్ప, చక్కగా చదువవచ్చును.

ఆ పెయింటరునే తిరిగి పిలిపించాము. వచ్చి బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, వేలితో రంగు రుద్ది చూసి, మూడేళ్ల కిందటి కంటె ఎక్కువ ధర చెప్పాడు. "ఎందుకు ఉస్తాద్ పెరిగింది?" అని అడిగాము. "డబ్బాకు ఎంతయితది సార్, అది పోనీ. ఈ దయ్యాన్ని దించాలె గద, ఆ రుద్దుడుకే నాలుగు రోజులు పడతయి. దానికే పైసలు అడుగుతున్న" అన్నాడు. అంటే ఆనాడు మిగిల్చామనుకొన్న సొమ్ములో కొంత ఇప్పుడు గరుకు కాగితానికి పోతున్నది. అది ఎంతో లెక్కకట్టి చూసినవారు కోశాధికారిగారు. ఆ లెక్క చదివినప్పుడు సమావేశంలో ఎవరూ మాట్లాడలేదు.

కార్యవర్గం చివరకు పట్టీలను, పేరును రంగుతో రాయించడానికి ఒప్పుకొన్నది. ముందు అద్దం పైన ఉండే దారి వివరం మాత్రం స్టిక్కరుగానే ఉంచమని మేమే కోరాము. బస్సు తిరిగే దారి ప్రతి జూన్‌లో మారుతుంది; ఏటా మారేదానికి రంగు దండగ.

ప్రశ్న వేసిన విద్యార్థి కిందటి నెలలో తన అన్నగారి మోటారుసైకిలు ట్యాంకు మీద రెండు తెల్లచారలు వేయించుకొని వచ్చి చూపించాడు. రేడియమే. దీపావళి తరువాత బండి అమ్మివేస్తారట. సరైన పనే చేశాడని చెప్పాము. పోసి చేసిన వినైలా, వత్తి చేసినదా అని దుకాణంలో అడిగాడట. దుకాణదారు ఇతణ్ణి ఎగాదిగా చూసి లోపలి నుంచి వేరే చుట్ట తెచ్చాడట.

ఈ పుటలు అచ్చుకు పోయేనాటికి బస్సు షెడ్డులోనే ఉన్నది. ఉస్తాద్ రుద్దుడు పూర్తిచేసి, మొదటి పూటంతా సుద్దదారం పట్టుకొని పట్టీ గీత కుదుర్చుకొనడంతోనే గడిపాడు. బస్సు వెనుక చక్రం వైపు రెండు అంగుళాలు కుంగి ఉన్నదట. నేలకు సమాంతరంగా గీత వేయాలా, కిటికీలకు సమాంతరంగా వేయాలా అని మమ్మల్ని అడిగాడు. కిటికీలకే అన్నాము.